పదేళ్ళు దాటిన పిల్లలకు టీకాలు: అర్బన్ పీహెచ్‌సీలో శాతం పెంచడం ఎలా?

"మేడమ్, మా సెంటర్లో పసిపిల్లల టీకాలు బాగానే నడుస్తున్నాయి. పదేళ్ళ టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి టీకా), పదహారేళ్ళ టీడీ దగ్గరికొచ్చేసరికి సగం కూడా రావట్లేదు. ఏం చేయాలి?" విశాఖలో ఏఎన్‌ఎంలు, స్టాఫ్ నర్సులు, కొత్తగా చేరిన మెడికల్ ఆఫీసర్లు నన్ను ఈ ప్రశ్న అడుగుతూనే ఉన్నారు. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పినవన్నీ ఇక్కడ వరసలో పెడుతున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక మాట. జాబితా పట్టుకుని వార్డుల్లో తిరిగిన ప్రతిసారీ నాకు కనిపించింది ఒకటే. టీకా వద్దన్న ఇళ్ళు కొద్ది. ఆ పిల్లాణ్ణి ఎవరూ అడగని ఇళ్ళే ఎక్కువ. పసిబిడ్డకైతే కార్డు ఉంటుంది, తేదీ ఉంటుంది, ఆశా ఇంటికి వెళ్ళి పిలుస్తుంది. పన్నెండేళ్ళ పిల్లాడికి ఇవేవీ లేవు. కింద చెప్పే పనులన్నీ ఆ ఖాళీని పూడ్చడానికే.

1. ఏ టీకా, ఎవరికి: ముందు సెంటర్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి

ఫార్మసిస్టు ఒకటి, ఏఎన్‌ఎం ఒకటి, డాక్టర్ ఇంకొకటి చెబితే తల్లి పిల్లాణ్ణి తీసుకుని వెళ్ళిపోతుంది. అందుకే ఒక పేజీ చార్టు రాసి ఓపీ గదిలోనూ టీకా గదిలోనూ అతికించండి. అందులో ఉండాల్సినవి:

- టీడీ: ధనుర్వాతం, కంఠసర్పి (డిఫ్తీరియా) రెండింటికీ రక్షణ. 10 ఏళ్ళకు ఒకటి, 16 ఏళ్ళకు ఒకటి. 0.5 మి.లీ., భుజం కండరంలోకి.
- పదేళ్ళ డోసు తప్పినవాళ్ళు: పన్నెండో ఏట దొరికినా సరే, దొరికిన రోజే వేయాలి. పదహారు వచ్చేదాకా ఆపకండి.
- చిన్నప్పుడు ఒక్క డోసూ పడని పిల్లలు: ఒక్క టీడీతో సరిపోదు. మూడు డోసులు కావాలి. మొదటిదానికి కనీసం 4 వారాల తర్వాత రెండోది, ఆ తర్వాత కనీసం 6 నెలలకు మూడోది. వీళ్ళను తప్పనిసరిగా మెడికల్ ఆఫీసర్‌కు చూపించాలి.
- హెచ్‌పీవీ: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్‌ను ఆపే టీకా. 9 నుంచి 14 ఏళ్ళ అమ్మాయిలు మొదటి లక్ష్యం. ఈ వయసుకు ఒకటి లేదా రెండు డోసులు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 డిసెంబర్‌లో చెప్పింది. మన పిల్లల వైద్యుల సంఘం 14 ఏళ్ళ దాకా 6 నెలల తేడాతో రెండు, 15 దాటితే మూడు డోసులు సిఫార్సు చేస్తుంది. ప్రభుత్వ సరఫరాలో ఏ వయసుకి, ఎన్ని డోసులన్నది జిల్లా ఇమ్యునైజేషన్ అధికారి పంపిన తాజా సర్క్యులర్‌లో ఎలా ఉంటే అలాగే. ఆ సర్క్యులర్ నకలు చార్టు పక్కనే ఉంచండి.
- పచ్చకామెర్లు (హెపటైటిస్ బి), తట్టు–రుబెల్లా, ఆటలమ్మ: చిన్నప్పుడు తప్పిపోయుంటే ఈ వయసులోనూ వేయించుకోవచ్చు. మన దగ్గర స్టాకు లేనివాటికి ఎక్కడికి వెళ్ళాలో స్పష్టంగా రాసివ్వండి.

అందరూ పొరబడే చోటు ఇంకొకటుంది. "ఆరు నెలల కిందట కాలికి మేకు గుచ్చుకుంటే సూది వేయించాం కదా" అంటుంది తల్లి. ఆ సూది టీటీ (ఒక్క ధనుర్వాతానికే వేసే టీకా) అయితే అందులో కంఠసర్పి రక్షణ లేదు, కాబట్టి టీడీ పడినట్టు కాదు. టీడీయే అయితే చీటీ మీద తేదీ చూసి డాక్టర్ నిర్ణయిస్తారు. చీటీ చూడకుండా రిజిస్టర్‌లో టిక్కు పెట్టకండి.

2. పేర్ల జాబితా: అసలు పని ఇక్కడే ఉంది

చాలా సెంటర్లలో జాబితా బదులు ఒక అంకె ఉంటుంది. జనాభాను బట్టి లెక్కగట్టిన టార్గెట్ అది. టార్గెట్‌ను ఫోన్ చేసి పిలవలేం. పేరుండాలి, ఇంటి గుర్తుండాలి, ఫోన్ నంబరుండాలి.

జాబితాకు నాలుగు చోట్ల నుంచి పేర్లు తెచ్చుకోండి.

మొదటిది బడి. మీ పరిధిలోని ప్రభుత్వ, జీవీఎంసీ (నగర పాలక సంస్థ), ప్రైవేటు బడులన్నింటి నుంచి 5వ తరగతి, 10వ తరగతి అడ్మిషన్ రిజిస్టర్ వివరాలు. 12 జూన్ ప్రాంతంలో బడులు తెరుస్తారు కాబట్టి జూన్ చివరి వారం ఈ పనికి సరైన సమయం. అప్పటికి అడ్మిషన్లు ఒక కొలిక్కి వస్తాయి, హెచ్‌ఎంలకు కాస్త తీరికా ఉంటుంది.

రెండోది వార్డు సచివాలయం. మీ ఏఎన్‌ఎం దగ్గరున్న ఇంటింటి వివరాల్లో 9 నుంచి 17 ఏళ్ళ వాళ్ళను విడిగా తీయండి. బడి జాబితాలో లేని పేరు ఇక్కడ దొరికితే దాని పక్కన ఎర్ర చుక్క పెట్టండి. ఆ పిల్లాడు బడి మానేసి ఉండొచ్చు, లేదా మీ పరిధి బయట బడికి వెళుతూ ఉండొచ్చు. శాతం పెరగాలంటే వెతకాల్సింది ఈ ఎర్ర చుక్కలనే.

మూడోది అంగన్‌వాడీ. బడి మానేసిన ఆడపిల్లల సంగతి టీచరమ్మకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

నాలుగోది మీ ఓపీ రిజిస్టర్. పోయిన మూడు నెలల్లో మీ దగ్గరకు వచ్చిన 9–17 ఏళ్ళ వాళ్ళ పేర్లు వరసగా రాయండి. ఈ ఒక్క పని చేస్తే చాలామందికి కళ్ళు తెరుచుకుంటాయి. "వీళ్ళంతా మన ముందు నుంచే వెళ్ళారా?" అనిపిస్తుంది.

జాబితాలో గడులు ఇలా:

- పేరు, తల్లి లేదా తండ్రి పేరు
- పుట్టిన తేదీ (తరగతి చాలదు. ఒకే తరగతిలో రెండేళ్ళ తేడా ఉన్న పిల్లలుంటారు)
- ఇల్లు, దగ్గరి గుర్తు
- ఇంట్లో ఎవరో ఒకరి ఫోన్ నంబరు, మాట్లాడటానికి కుదిరే సమయం
- బడి, కాలేజీ, పని లేక ఇల్లు
- టీడీ 10, టీడీ 16, హెచ్‌పీవీ: వేసిన తేదీ, ఎక్కడ
- పడకపోతే కారణం, ఒక్క మాటలో

చివరి గడి ఖాళీగా వదలకండి. "ఊళ్ళో లేడు", "భయం", "నాన్న వద్దన్నాడు", "జ్వరం" అని రాస్తేనే వచ్చే నెల ఏ ఇంటికి ఎవరు వెళ్ళాలో తెలుస్తుంది.

అపార్ట్‌మెంట్లలో, ముఖ్యంగా ఎం.వి.పి. కాలనీ, సీతమ్మధార లాంటి చోట్ల, పిల్లలకు ప్రైవేటులో టీకాలు పడుంటాయి. కార్డు ఫోటో వాట్సాప్‌లో తెప్పించుకుని ఎక్కించండి. వాళ్ళను వేయనివాళ్ళ కింద లెక్కేస్తే మీ శ్రమ తప్పు ఇళ్ళ వైపు వెళుతుంది.

3. ఓపీకి వచ్చిన ప్రతి పిల్లాణ్ణీ అడగండి

ఈ వయసు వాళ్ళు టీకా కోసమని రారు. గజ్జి, మొటిమలు, నెలసరి నొప్పి, బైక్ మీంచి పడి మోకాలు చెక్కుకుపోవడం, ఆటల పోటీలకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్, తమ్ముణ్ణి ఎత్తుకుని తోడు రావడం. వచ్చేది ఇలాంటి పనుల మీదే. వచ్చిన ఆ ఐదు నిమిషాల్లోనే టీకా అయిపోవాలి.

వరస ఇలా పెట్టుకోండి:

1. ఓపీ చీటీ రాసేచోట 9–17 వయసు కనిపిస్తే చీటీ మూలన "టీ" అని స్టాంపు. రబ్బరు స్టాంపుకు పెద్ద ఖర్చు లేదు.
2. బీపీ, బరువు చూసే నర్సు జాబితాలో పేరు వెతికి పక్కన "పడింది" లేదా "బాకీ" అని రాయాలి.
3. డాక్టర్ మందులు రాస్తూనే "బాకీ ఉన్న టీడీ ఈరోజే వేయించుకుని వెళ్ళు" అని నోటితో చెప్పి, చీటీ మీద రాయాలి.
4. మందులిచ్చే కౌంటర్‌కు ముందే టీకా గది రావాలి. మందులు చేతికొచ్చాక ఎవరూ వెనక్కి రారు.

ఇక్కడ ఆగి ఒక విషయం వివరంగా చెప్పాలి. "ఈరోజు సోమవారం, టీకాలు బుధ, శనివారాల్లోనే. అప్పుడు రా." ఈ ఒక్క మాటతో పోగొట్టుకున్నంతమందిని ఇంకే కారణంతోనూ పోగొట్టుకోలేదు. దాని వెనకున్న భయం వయల్ (టీకా మందు సీసా) వృథా అవుతుందని. పది డోసుల వయల్ ఒక్కడి కోసం తెరవడమా అని.

టీడీకి ఓపెన్ వయల్ విధానం వర్తిస్తుంది. తెరిచిన వయల్‌ను 28 రోజుల వరకు వాడుకోవచ్చు. గడువు తేదీ దాటకూడదు, వీవీఎం (వేడి తగిలితే రంగు మారే, వయల్ మీది గుర్తు) పారేయాల్సిన దశకు చేరకూడదు, వయల్ ఎప్పుడూ 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి, గడ్డకట్టి ఉండకూడదు, రబ్బరు మూత నీళ్ళలో మునగకూడదు, తెరిచిన తేదీ, సమయం లేబుల్ మీద రాసి ఉండాలి. ఐఎల్‌ఆర్ (టీకాలు దాచే ప్రత్యేక ఫ్రిజ్) ఉన్న సెంటర్లో ఇవన్నీ పాటించడం కష్టమేమీ కాదు. తట్టు–రుబెల్లా వయల్‌కు ఈ వెసులుబాటు లేదు, నాలుగు గంటల్లో పారేయాల్సిందే. రెండింటినీ కలిపేసుకుని టీడీకి కూడా అదే నియమం అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

జలుబు, కొద్దిపాటి దగ్గు, ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉండటం టీకా ఆపడానికి కారణాలు కావు. యాంటీబయాటిక్ వాడుతున్నా వేయొచ్చు. జ్వరం ఎక్కువగా ఉంటే తగ్గాక వేయాలి. అదే టీకాకు ఇంతకుముందు తీవ్రమైన అలర్జీ వచ్చినవాళ్ళకు వేయకూడదు. గర్భిణికి హెచ్‌పీవీ వేయకూడదు.

4. ఏం మాట్లాడాలి, ఎలా మాట్లాడాలి

"టీకా వేయించుకుంటావా?" అని అడిగితే పదమూడేళ్ళ పిల్లాడు ఏమంటాడు? వద్దంటాడు. "నీకు టీడీ బాకీ ఉంది బాబూ, ఈరోజు వేస్తాం. రాసే చెయ్యి ఏది?" అనండి. రెండో చేతికి వేస్తాం అని తెలియగానే సగం టెన్షన్ పోతుంది. రేపు పరీక్ష ఉందన్న సాకూ పోతుంది. ఆ తర్వాత "ఏమైనా అడగాలా?" అని ఆగండి. నిజంగా ఆగాలి, చేతిలో సిరంజి పట్టుకుని కాదు.

మాట ముందు పిల్లాడితో మొదలుపెట్టి, తర్వాత తల్లితో. ఈ వయసు వాళ్ళకు తమను దాటేసి మాట్లాడితే నచ్చదు.

జాలారిపేటలో ఒకసారి గడపలో కూర్చుని చేపలు తోముతున్న తల్లి తలెత్తకుండానే అడిగింది: "ఇంత పెద్దోడికి ఇంకా సూదేటమ్మా? చిన్నప్పుడే అన్నీ ఏయించేసినాం కదా!" మంచి ప్రశ్న. దానికి సమాధానం ఇలా చెప్పాను: "వేయించావు కాబట్టే ఇన్నాళ్ళు కాపాడిందమ్మా. ఆ టీకా బలం ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. కంఠసర్పి గొంతులో పొరలా పట్టి ఊపిరి ఆడనివ్వదు, గుండెనీ దెబ్బతీస్తుంది. ఇంకో సూది పడితే బలం మళ్ళీ నిలబడుతుంది." చేతులు కడుక్కుని, కొడుకును పేరు పెట్టి కేకేసింది. ఆ ఇంట్లోనే కాదు, పక్కింట్లోనూ ఒకడు దొరికాడు.

హెచ్‌పీవీ దగ్గర ప్రశ్నలు వేరుగా ఉంటాయి. ముందే సిద్ధంగా ఉండండి.

"పెళ్ళయ్యాక పిల్లలు పుట్టరట?" లేదమ్మా. పిల్లలు పుట్టడానికీ ఈ టీకాకూ సంబంధం లేదు. గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్ రాకుండా కాపాడేది ఇది.

"ఇంత చిన్నపిల్లకు ఎందుకు?" వైరస్ తగలక ముందు వేస్తేనే పూర్తి ఫలితం. పైగా ఈ వయసులో ఒంట్లో రక్షణ బాగా తయారవుతుంది, అందుకే డోసులు కూడా తక్కువ.

"నెలసరిలో ఉంది, వేయొచ్చా?" వేయొచ్చు.

"ఇది వేస్తే ఇక క్యాన్సర్ రానే రాదా?" ఎక్కువ క్యాన్సర్లకు కారణమైన వైరస్ రకాలను ఆపుతుంది. అన్నింటినీ కాదు. ముప్పై దాటాక పరీక్ష చేయించుకోవాల్సిందే. ఈ మాట దాచకండి. ఉన్నదున్నట్టు చెప్పిన నర్సమ్మనే జనం నమ్ముతారు.

చెయ్యి నొప్పి, వాపు, ఒకట్రెండు రోజులు కొద్దిగా జ్వరం రావొచ్చని కూడా ముందే చెప్పండి. చెప్పకుండా జ్వరం వస్తే, ఆ వీధిలో వచ్చే నెల మీ మాట ఎవరూ వినరు.

5. అనుమతి పత్రం: అడ్డదారులు వద్దు

2009లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు జరిగింది. 2010లో దాన్ని ఆపేశారు. అమ్మాయిల మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ హాస్టల్ పిల్లల తరఫున వార్డెన్లే సంతకాలు చేసిన తీరు మీద దేశమంతా విమర్శ వచ్చింది. ఇప్పటికీ కొందరు తండ్రులు ఆ సంగతి ఎత్తుతారు. ఎత్తినప్పుడు చిరాకు పడకండి, వాళ్ళు అడగాల్సిందే అడుగుతున్నారు.

- పత్రం తెలుగులో, ఒకే పేజీలో, పెద్ద అక్షరాల్లో. టీకా పేరు, ఎందుకు, ఏ తేదీన, ఏ ఇబ్బందులు రావొచ్చు, ఎవరికి ఫోన్ చేయాలి.
- సెషన్‌కు కనీసం ఐదు రోజుల ముందు ఇంటికి పంపాలి. ముందు రోజు సాయంత్రం పంపితే సగం పుస్తకాల సంచిలోనే ఉండిపోతాయి.
- చదువు రాని తల్లిదండ్రులకు ఆశా చదివి వినిపించాలి.
- హాస్టల్ పిల్లలైతే, పాడేరు వైపు నుంచి వచ్చి చదువుకునేవాళ్ళయినా సరే, తల్లిదండ్రులు చూడటానికి వచ్చే ఆదివారమో, సెలవులకు ఇంటికెళ్ళేటప్పుడో సంతకం తీసుకోండి. ఆలస్యమైతే కానివ్వండి. వార్డెన్ సంతకంతో పని కానీయకండి.
- తల్లిదండ్రులు ఒప్పుకున్నా పిల్ల ఏడుస్తూ వద్దంటే ఆ రోజు ఆపండి. పక్కకు తీసుకెళ్ళి మాట్లాడి, ఇంకో రోజు పిలవండి.

6. బడిలో సెషన్: ముందు, ఆ రోజు, తర్వాత

ముందుగా నా తప్పు ఒకటి చెబుతాను. ఒక బడిలో వరండాలో, ఎండ పడేచోట, అరవై మంది అమ్మాయిలను వరసలో నిలబెట్టాం. చాలామంది పొద్దున ఏమీ తినకుండా వచ్చారని మేం అడగనే లేదు. ముందున్నవాళ్ళకు సూది గుచ్చడం వెనకున్నవాళ్ళంతా చూస్తున్నారు. ఏడో అమ్మాయి సూది పడగానే ముఖం పాలిపోయి కూలిపోయింది. పది నిమిషాల్లో ఇంకో ఐదుగురు పడ్డారు. వాళ్ళలో ఒకమ్మాయికి అసలు సూదే పడలేదు. సాయంత్రానికి గేటు దగ్గర తల్లిదండ్రులు గుమిగూడారు. పిల్లలంతా గంటలో లేచి ఆడుకున్నారు, కానీ ఆ బడిలో మళ్ళీ అడుగుపెట్టడానికి మాకు ఏడాది పట్టింది. మందులో తప్పు లేదు, మా ఏర్పాటులో ఉంది.

ఈ వయసులో భయంతో కళ్ళు తిరగడం మామూలే. ఒకరిని చూసి ఒకరికి వస్తుంది. కాబట్టి ఏర్పాటు ఇలా ఉండాలి.

పది రోజుల ముందు:
- హెచ్‌ఎం గారిని కలిసి తేదీ ఖాయం చేసుకోండి. యూనిట్ టెస్టులు, ఆటల పోటీలు లేని రోజు.
- మూడు చోట్లు చూసుకోండి: కూర్చుని ఎదురుచూడటానికి ఒక గది, సూది వేయడానికి తలుపున్న ఇంకో గది, తర్వాత కూర్చోవడానికి ఫ్యాన్లున్న మూడో గది.
- క్లాసులో పావుగంట మాట్లాడండి. పిల్లల ప్రశ్నలు చీటీల మీద రాయించుకోండి, నోరు తెరిచి అడగనివి అందులో వస్తాయి.

ఆ రోజు:
- మధ్యాహ్న భోజనం తర్వాతే మొదలుపెట్టండి. లేదా బిస్కెట్లు, నీళ్ళు ఇచ్చి మొదలుపెట్టండి.
- ఐదుగురు చొప్పున పిలవండి. లోపల ఒక్కరే ఉండాలి. కూర్చోబెట్టి వేయాలి, బాగా భయపడేవాళ్ళకు పడుకోబెట్టి వేయాలి.
- భయపడుతున్న పిల్లను చివరికి నెట్టకండి. ఎదురుచూసేకొద్దీ భయం పెరుగుతుంది.
- ఒక్కొక్కరికి కొత్త ఏడీ సిరంజి (ఒక్కసారి వాడగానే లాక్ అయిపోయేది). వాడగానే సూదిని కత్తిరించే హబ్ కట్టర్.
- వేశాక 30 నిమిషాలు కూర్చోవాలి. ఆ గదిలో ఒక టీచరు, ఒక ఆశా తప్పనిసరి.

కళ్ళు తిరగడానికీ అలర్జీకీ తేడా సెషన్‌లో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలియాలి. కళ్ళు తిరిగితే ముఖం పాలిపోతుంది, చల్లటి చెమట పడుతుంది, నాడి నెమ్మదిస్తుంది. పడుకోబెట్టి కాళ్ళు పైకెత్తితే కొద్ది నిమిషాల్లో తేరుకుంటారు. తీవ్రమైన అలర్జీలో ఒంటి మీద దద్దుర్లు, పెదవులు, ముఖం ఉబ్బడం, పిల్లికూతలు, నాడి వేగంగా బలహీనంగా కొట్టుకోవడం ఉంటాయి. పడుకోబెట్టినా తగ్గదు. అప్పుడు క్షణం ఆలస్యం చేయకుండా తొడ బయటి వైపు కండరంలోకి ఎడ్రినలిన్, వెంటనే 108. వయసు వారీ మోతాదు పట్టికను కిట్ మూత లోపలే అతికించి ఉంచండి. ఆ సమయంలో ఫోన్లో వెతికే పని ఉండకూడదు.

తీవ్రమైన ఇబ్బంది ఏది వచ్చినా ముందు మెడికల్ ఆఫీసర్‌కు, 24 గంటల్లోగా జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి చేరాలి. చిన్నదే కదా అని దాచితే అది పుకారుగా మారి తిరిగొస్తుంది.

తర్వాత: ఆ రోజు రానివాళ్ళ పేర్లు హెచ్‌ఎం సంతకంతో తీసుకోండి. పది రోజుల్లో రెండో విడత. రెండో విడత లేని బడి సెషన్ సగం పనే.

7. వ్యాక్సిన్ క్యారియర్ విషయంలో

టీడీ, హెచ్‌పీవీ, హెపటైటిస్ బి వేడికంటే గడ్డకట్టడం వల్లే ఎక్కువ పాడవుతాయి. ఐస్ ప్యాక్ ఫ్రీజర్ నుంచి తీసి నేరుగా క్యారియర్‌లో పెట్టకండి. బయట ఉంచి, చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల నీళ్ళు కదిలిన చప్పుడు వినిపించాకే పెట్టండి. గడ్డకట్టిందని అనుమానం వస్తే షేక్ టెస్ట్ (వయల్‌ను ఊపి, మందు అడుగున ఎలా పేరుకుంటుందో చూసే పరీక్ష) చేయాలి.

మనది తుపాన్ల ఊరు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చాక నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. అక్టోబర్, నవంబర్ నెలల్లో స్టాకు ఎక్కడికి తరలించాలో, ఏ బండిలో తీసుకెళ్ళాలో, తాళం ఎవరి దగ్గరుంటుందో ముందే రాసి పెట్టుకోండి.

8. బడిలో దొరకని పిల్లలు

పదో తరగతి వాళ్ళతో మొదలుపెడతాను, ఎందుకంటే ఎక్కువ జారిపోయేది ఇక్కడే. బడి సెషన్ రోజు రానివాళ్ళు పరీక్షలయ్యాక తలో దిక్కూ పోతారు. ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల్లో చేరితే పొద్దున నుంచి రాత్రి దాకా క్లాసులే, టీకా సంగతి ఎవరికీ పట్టదు. కానీ కాలేజీలో చేరే ముందు ప్రతి పిల్లాడూ టీసీ కోసం, మార్కుల మెమో కోసం పాత బడికి తప్పక వస్తాడు. హెచ్‌ఎం గారితో మాట్లాడి, బాకీ ఉన్నవాళ్ళ జాబితా ఆఫీసు గదిలో పెట్టించండి. టీసీలు ఎక్కువగా ఇచ్చే రెండు రోజులు ఏఎన్‌ఎం అక్కడే కూర్చుంటే పని అయిపోతుంది. టీసీకి టీకాను షరతు మాత్రం చేయకండి. పిల్లాడు ఎదురుగా ఉన్నాడు, అడుగుతున్నాం, అంతే.

ఫిషింగ్ హార్బర్, జాలారిపేటల్లో బోటు మీదికి వెళ్ళే కుర్రాళ్ళు ఏడాదంతా దొరకరు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. బోట్లు ఒడ్డునే ఉంటాయి, వలలు బాగుచేసుకుంటూ మనుషులూ ఇక్కడే ఉంటారు. మీ మైక్రోప్లాన్‌లో (ఏ సెషన్ ఎప్పుడు, ఎక్కడ అని రాసుకునే ప్రణాళికలో) ఆ పేటల సెషన్లు ఈ రెండు నెలల్లోనే వేయండి. ఎండాకాలం కాబట్టి సాయంత్రం ఐదు తర్వాత. కులపెద్దల చేత ముందు రోజు చెప్పించండి.

గ్యారేజీల్లో, హోటళ్ళలో, కూలిపనుల్లో ఉన్న పిల్లలకు పగలు రమ్మంటే ఒక పూట కూలి పోతుంది. నెలకొకసారి సాయంత్రం లేదా ఆదివారం సెషన్ పెట్టండి. అక్కడ పని చేసే పిల్లాడి వయసు పద్నాలుగు లోపుంటే, టీకా వేసి ఊరుకోకుండా చదువు సంగతి కూడా సంబంధిత వాళ్ళ దృష్టికి తీసుకెళ్ళండి.

ఆగస్టు 10, ఫిబ్రవరి 10న నులిపురుగుల మాత్రలిచ్చే రోజులున్నాయి. బడి బయటి పిల్లలను కూడా ఆ రోజుల్లో వెతుకుతాం. జాబితా చేతిలో ఉంటే అదే తిరుగుడులో బాకీలు కూడా తేలతాయి.

9. రెండో డోసు, తిరిగి పిలవడం

తిరిగి రావాల్సిన తేదీని పిల్లాడి చీటీ మీద రాస్తే చాలదు. పన్నెండు గడుల అట్టపెట్టె ఒకటి పెట్టుకోండి, నెలకొక గడి. ఎవరు ఏ నెలలో రావాలో వాళ్ళ టీకా కార్డు కౌంటర్ ఫాయిల్ (మన దగ్గర ఉంచుకునే ముక్క) ఆ గడిలో. నెల మొదట గడి తెరిచి ఫోన్లు. యూ-విన్‌లో (టీకాలు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్‌లో) నమోదు తప్పనిసరి, అయినా ఈ పెట్టె కూడా ఉండాలి.

ఫోన్ సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది మధ్య చేయండి. పగలు చేస్తే ఎత్తేది పనిలో ఉన్న తండ్రి, ఇంటికెళ్ళేసరికి మరిచిపోతాడు. మూడుసార్లు ఫోన్ చేసినా రాకపోతే ఇంటికి ఆశా. ఆమెకూ కుదరకపోతే ఏఎన్‌ఎం. ఎవరి వంతు ఎప్పుడన్నది పేరుతో రాసి ఉండాలి.

ఆలస్యమైందని మొదటి నుంచి మళ్ళీ వేయక్కర్లేదు. ఆగిన చోటు నుంచి కొనసాగించాలి.

10. లెక్క చూసుకోవడం

జాబితాలో 240 పేర్లుండి 156 మందికి పడితే 65 శాతం. అంతవరకు సులభమే. కానీ ఆ 84 మంది ఎక్కడున్నారన్నది చూడాలి. వార్డు వారీగా, బడి వారీగా విడదీయండి. తరచూ 84లో సగం ఒకట్రెండు చోట్లే ఉంటారు. ఆ నెల అంతా అక్కడే పని చేయండి.

ఇంకో లెక్క కూడా వేయండి. ఈ నెల ఓపీకి వచ్చిన 9–17 ఏళ్ళ వాళ్ళలో బాకీ ఉన్నవాళ్ళెందరు, వాళ్ళలో అదే రోజు వేయించుకుని వెళ్ళినవాళ్ళెందరు? మొదటి నెల ఈ అంకె చూస్తే బాధేస్తుంది. దాన్ని గోడ మీద రాయండి, ఎవరినీ తిట్టకండి. స్టాంపు వేయడం మరిచిపోయారా, స్టాకు లేదా, డాక్టర్ చెప్పలేదా అని వెతికి, ఒక్కటి సరిచేయండి. వచ్చే నెల ఇంకొకటి.

11. మొదటి నెల చేయాల్సినవి

మొదటి వారం
- [ ] టీకాల చార్టు, తాజా సర్క్యులర్ గోడ మీద
- [ ] పోయిన మూడు నెలల ఓపీ నుంచి పేర్లు
- [ ] ఎడ్రినలిన్ గడువు తేదీ, మోతాదు పట్టిక

రెండో వారం
- [ ] బడులు, సచివాలయం, అంగన్‌వాడీ నుంచి పేర్లు, ఎర్ర చుక్కలు
- [ ] ఓపీ చీటీకి స్టాంపు, టీకా గది మందుల కౌంటర్‌కు ముందు
- [ ] అన్ని పనిదినాల్లోనూ టీడీ దొరికేలా స్టాకు

మూడో వారం
- [ ] ఒక్క బడి ఎంచుకుని హెచ్‌ఎంతో తేదీ, అనుమతి పత్రాలు ఇంటికి
- [ ] సిబ్బంది అందరితో ఒకసారి సాధన: కళ్ళు తిరిగితే ఎవరేం చేయాలి, అలర్జీ వస్తే ఎవరేం చేయాలి

నాలుగో వారం
- [ ] ఆ బడిలో సెషన్, పది రోజుల్లో రెండో విడత తేదీ
- [ ] రెండు లెక్కలూ గోడ మీద
- [ ] ఎర్ర చుక్కల్లో మొదటి పది ఇళ్ళకు, సాయంత్రం పూట, ఏఎన్‌ఎం, ఆశా ఇద్దరూ కలిసి